మంచిమాటకు టికెట్ ఎంత?

1921లో గాంధీజీ కాకినాడ వస్తున్నారని తెలిసి, పన్నెండేళ్ళు కూడా నిండని ఒక అమ్మాయి నిర్వాహకుల దగ్గరికి వెళ్ళింది. ఊళ్ళోని దేవదాసీలతో, ఘోషాలో ఉండే ముస్లిం స్త్రీలతో ఆయన కాసేపు మాట్లాడాలని ఆమె పట్టు. ఆయనకు తీరుబడి లేదని చెప్పి పంపించెయ్యబోయి, చివరికి సగం వేళాకోళంగా, అయిదువేల రూపాయలు పోగుచేసి తెస్తే పది నిమిషాలు ఇప్పిస్తామన్నారు. ఆ అమ్మాయి దుర్గాబాయి. తర్వాతి కాలంలో దుర్గాబాయి దేశ్‌ముఖ్. దేవదాసీ స్త్రీల సాయంతోనే ఆ అయిదువేలూ వచ్చాయి. గాంధీజీ పది నిమిషాలతో సరిపెట్టలేదు, చాలాసేపే మాట్లాడారు. వింటున్న ఆడవాళ్ళు ఒంటి మీది నగలు తీసి ఇచ్చారు. దుర్గాబాయి జ్ఞాపకాల ప్రకారం ఆ సభలో వచ్చినది పాతికవేల దాకా ఉంటుంది.

ముందు కట్టిన అయిదువేలు వక్త సమయానికి నిర్వాహకులు వేసిన వెల. విన్నాక వచ్చిన పాతికవేలకు ఎవరూ వెల కట్టలేదు. నూరేళ్ళు దాటాక ఈనాడు మన సేవా క్లబ్బులు, అపార్ట్‌మెంట్ సంఘాలు, చిన్న ట్రస్టులు ఆదివారం పొద్దున ఒక హాలు తీసుకుని, గంట యోగా, అరగంట ధ్యానం, ఆ తర్వాత పేరున్న వ్యక్తిత్వ వికాస వక్త ప్రసంగం పెట్టి, వచ్చిన డబ్బు డయాలసిస్ రోగులకో తలసీమియా పిల్లలకో ఇస్తామంటున్నాయి. ప్రతి కమిటీ మీటింగులోనూ వాదన ఒక్కచోటే ఆగుతుంది: టికెట్ ఎంత పెడదాం? కోశాధికారి వెయ్యి అంటాడు, కార్యదర్శి రెండొందలంటాడు, అధ్యక్షుడు మాత్రం తన వాళ్ళకు ఎన్ని పాసులు వస్తాయని అడుగుతాడు. ముందు కట్టే వెల, విన్నాక ఇచ్చే విరాళం, ఆ రెండు రకాల డబ్బునూ ఒకే టికెట్‌లో కుక్కాలని చూడడమే ఈ చిక్కుకు మూలమని నా అభిప్రాయం. ఈ ప్రశ్నకు ఇన్నాళ్ళుగా వచ్చిన జవాబులను ఒకసారి వరసగా చూద్దాం.

అన్నిటికన్నా పాత జవాబు: అసలు టికెట్టే వద్దు. తెలుగువాళ్ళకు ఇది అలవాటైన పద్ధతి. హరికథ విని హారతి పళ్ళెంలో తోచింది వేశాం. ప్రవచనానికి మైదానం నిండా తివాచీలు పరిచి, వచ్చినవాళ్ళకు ప్రసాదం కూడా పెట్టి పంపించాం. సినిమాకు, నాటకానికి టికెట్ కొన్న మనిషే మంచిమాట వినడానికి డబ్బేమిటని నొచ్చుకుంటాడు. యోగా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఐక్యరాజ్యసమితి 2014లో అంతర్జాతీయ యోగా దినోత్సవం ప్రకటించింది. ఆ తర్వాత ప్రభుత్వాలే ఏటా జూన్ 21న ఉచితంగా యోగా చేయిస్తున్నాయి. 2025లో విశాఖపట్నం ఆర్కే బీచ్ నుంచి భోగాపురం వైపు తీరం పొడవునా లక్షల మంది ఆసనాలు వేశారు. ఆ పక్క వీధిలోనే ఎవరైనా యోగా శిబిరానికి ఎనిమిది వందలు అడిగితే జనం ముందుగా పోల్చుకునేది ఆ సున్నాతోనే.

ఉచితం అన్నది కూడా ఒక ధరే, దాన్ని ఎవరో ఒకరు కడుతుంటారు. దీన్ని అందరికన్నా నిజాయితీగా ఆలోచించింది, నా దృష్టిలో, విపశ్యన ధ్యాన కేంద్రాలు. గోయెంకా సంప్రదాయంలో పది రోజుల శిబిరానికి ఫీజు లేదు, భోజనం, బస అన్నీ ఉచితం. అయితే వాళ్ళు విరాళం తీసుకునేది కనీసం ఒక్క శిబిరమైనా పూర్తిచేసిన వారి దగ్గరే. ఎంత డబ్బున్నవాడైనా లోపలికి రాకముందు ఇస్తానంటే పుచ్చుకోరు. ఫలితం పొందినవాడు తర్వాత వచ్చేవాడి కోసం ఇస్తాడు. కాకినాడలో అనుకోకుండా జరిగినదాన్ని వీళ్ళు ఒక నియమంగా పెట్టుకున్నారు. ఐతే ఇందులో ఒక చిక్కుంది. ఏళ్ళ తరబడి నడిచే సంస్థకు నిరుడు వచ్చినవాళ్ళు ఈ ఏటి ఖర్చు భరిస్తారు. ఒక్క పూట కార్యక్రమం పెట్టే క్లబ్బుకు ఆ నిరుటి వాళ్ళు లేరు. హాలు అద్దె ముందే కట్టాలి. పైగా ఉచితమంటే పేరు రాయించుకుని రానివాళ్ళు ఎక్కువ. నాలుగొందల టిఫిన్లు చెప్పి సగం వదిలేసుకున్న క్లబ్బులవాళ్ళు ఇంకెప్పుడూ ఉచితం మాటెత్తరు.

దీనికి పూర్తిగా ఎదురు నిలిచే వాదన మార్కెట్‌ది. వక్త స్థాయిని బట్టి ధర, జనం ఎంత ఇవ్వగలిగితే అంత అని. బి.వి. పట్టాభిరామ్, యండమూరి వీరేంద్రనాథ్ లాంటి వారి పుస్తకాలతో తెలుగునాట వ్యక్తిత్వ వికాసానికి పెద్ద పాఠకవర్గం ఏర్పడింది, దాని వెనకే శిక్షణ తరగతుల వ్యాపారమూ పెరిగింది. ఈ మార్కెట్‌లో రాసి ఉన్న ధరను నమ్మలేం. తొంభై తొమ్మిది రూపాయల ఆన్‌లైన్ క్లాసుకు పిలిచి, చివరి పావుగంటలో వేలల్లో ఉండే పెద్ద కోర్సు అమ్మడం చూస్తూనే ఉన్నాం. అక్కడ తొంభై తొమ్మిది అనేది గేలానికి గుచ్చిన ఎర. సేవా కార్యక్రమానికి ధర ఎంత ఉండాలో దాన్ని చూసి తేల్చుకోలేం.

మిగిలింది ఖర్చు లెక్క. చాలా కమిటీలు దాన్ని కాగితం మీద పెట్టవు కాబట్టి ఇక్కడ పెడతాను. ఇవి ఊహించుకున్న అంకెలు, మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి. హాలు, మైకు, తెర, జనరేటర్ 70,000 రూపాయలు. వక్తకు, యోగా నేర్పేవారికి రానుపోను చార్జీలు, బస 30,000. ఫ్లెక్సీలు, కరపత్రాలు, వాలంటీర్ల భోజనాలు 20,000. ఎంత మంది వచ్చినా రాకపోయినా ఈ లక్షా ఇరవై వేలు తప్పవు. ఇక తలకు టిఫిన్, నీళ్ళు, చిన్న సంచీ కలిపి 150. మూడు వందల మంది వస్తే అది 45,000. మొత్తం 1,65,000, అంటే మనిషికి 550 రూపాయలు.

ఇప్పుడు ‘అందరికీ అందుబాటులో’ అని టికెట్ 500 పెట్టారనుకోండి. హాలు నిండినట్టే కనిపిస్తుంది, ఫొటోలు బాగా వస్తాయి, పదిహేను వేలు నష్టం. వెయ్యి పెట్టి అంతమందినీ రప్పించగలిగితే 1,35,000 మిగులుతుంది. టికెట్ కొన్నవాడు మాత్రం తన వెయ్యీ రోగులకు వెళ్ళిందనుకుంటాడు, వెళ్ళింది 450. పదిహేను వందలు పెడితే రెండు వందల మందే వచ్చారనుకుందాం, అప్పుడు మిగిలేది 1,50,000. పదిహేను వేలు ఎక్కువ వచ్చింది, వంద మంది బయటే ఉండిపోయారు. ఆ వందమందిలో షుగరూ బీపీ ఉండి, యోగా అవసరం అందరికన్నా ఎక్కువున్నవాళ్ళు ఎందరో.

స్పాన్సర్ ఉంటే ఇదంతా తీరిపోతుంది కదా అంటారు. ఒక బంగారు కొట్టు యజమాని లక్షా ఇరవై వేలు ఇచ్చి స్థిరఖర్చు మొత్తం భరించాడనుకుందాం, టికెట్ అదే 500. చేతికి 1,05,000 వస్తుంది. వేదిక మీద పెద్ద చెక్కు నమూనా పట్టుకుని ఫొటో దిగుతారు. కానీ ఆ యజమాని చెక్కును నేరుగా ఆసుపత్రికి పంపించి ఉంటే 1,20,000 అందేది. ముగ్గురు మనుషులు నెల రోజులు తిరిగి, మూడు వందల మందిని పిలిచి, రోగుల సొమ్ములోంచి పదిహేను వేలు ఖర్చుపెట్టారన్నమాట. ఆ డబ్బు వేరే విధంగా రానే రాదు, కార్యక్రమం ఉంటేనే ఆయన ఇస్తాడు అని వాదించవచ్చు, చాలాసార్లు అది నిజమే. అయినా ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడకుండా ధర తేల్చకూడదు.

ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్న జవాబు ‘మీకు తోచినంత ఇవ్వండి’. చెప్పడానికి చాలా హాయిగా ఉంటుంది. దీని మీద అమెరికాలో యూరీ గ్నీజీ, ఆయన సహచరులు చేసిన ప్రయోగం 2010లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. ఒక వినోద ఉద్యానంలో 1,13,047 మంది మీద చేసిన పరీక్ష అది. జనం రైడ్ ఎక్కి దిగాక, అందులో తీసిన వాళ్ళ ఫొటోను అమ్మారు. 12.95 డాలర్ల స్థిరధర పెడితే కొన్నవాళ్ళు 0.50 శాతం. అందులో సగం ధర్మకార్యానికి వెళ్తుందంటే 0.57 శాతం, పెద్దగా తేడా లేదు. తోచినంత ఇవ్వమంటే 8.39 శాతం కొన్నారు, కానీ సగటున ఇచ్చింది 92 సెంట్లు. తోచినంత ఇవ్వండి, అందులో సగం ధర్మానికి అన్నప్పుడు ఇచ్చినది సగటున 5.33 డాలర్లకు పెరిగింది, కొన్నవాళ్ళు మాత్రం 4.49 శాతానికి తగ్గారు.

ఈ ఫలితాన్ని ‘ధర్మం పేరు చెబితే జనం ఎక్కువిస్తారు’ అని ముక్తసరిగా చెప్పేస్తుంటారు. నాకు ఆ చివరి అంకె ముఖ్యం. ఉత్త ఫొటో అయితే అర డాలరిచ్చి పట్టుకుపోయే మనిషి, ధర్మం మాట వచ్చేసరికి అర డాలరివ్వడానికి సిగ్గుపడి అసలు కొనడమే మానేశాడు. మన ఊళ్ళలో ఈ సిగ్గు ఇంకా ఎక్కువ. ‘తోచినంత’ అన్న మాట చూసి ప్రైవేటు స్కూలు టీచరు, రిటైరైన గుమాస్తా, పీజీ హాస్టల్ కుర్రాడు, పక్కవాళ్ళు అయిదొందలు వేస్తుంటే మనం యాభై ఏం వేస్తాంలే అని ఇంటి దగ్గరే ఉండిపోతారు. వాళ్ళకు తలుపు తెరిచేది అచ్చువేసిన చిన్న ధరే: విద్యార్థులకు 150 అని రాసి ఉంటే అది వాళ్ళ హక్కు, ఎవరి దయా కాదు. ప్రవేశానికి ‘తోచినంత’ పనికిరాదనే నేను అనుకుంటున్నాను. చివర్లో ఇచ్చే విరాళానికైతే అంతకన్నా మంచి పద్ధతి లేదు. ఆ ప్రయోగంలో కూడా జనం డబ్బు తీసింది రైడ్ అయ్యాకే, ఫొటో చూసుకున్నాకే.

చిన్న ధర, పెద్ద ధర అన్నాక అంతస్తుల ప్రశ్న వస్తుంది. ముందు వరస సోఫాలకు అయిదువేలు, వెనక ప్లాస్టిక్ కుర్చీలకు మూడొందలు, ఇది న్యాయమా? దీనికి సమాధానం యోగా శిబిరాల్లో కన్నా కంటి ఆసుపత్రుల్లో బాగా దొరుకుతుంది. మదురైలో డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో మొదలుపెట్టిన అరవింద్, హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో నెలకొల్పిన ఎల్వీ ప్రసాద్, రెండూ డబ్బు కట్టే రోగుల మిగులుతోనే కట్టలేనివారికి ఉచితంగా ఆపరేషన్లు చేస్తున్నాయి. డబ్బు కట్టినవారికి విడిగది, ఏసీ లాంటి సౌకర్యాలు ఉండొచ్చు. కంటికి చేసే వైద్యంలో తేడా ఉండదు. కార్యక్రమానికీ ఇదే గీటురాయి. పైలెక్కలో యాభై మంది విద్యార్థులకు 150 పెడితే మనిషికి నాలుగొందల చొప్పున ఇరవై వేలు తగ్గుతుంది. ముందు వరసల్లో యాభై సీట్లకు 950 పెడితే ఆ ఇరవై వేలూ పూడుతుంది. మిగతా రెండు వందల మందికి 550. మొత్తం సరిగ్గా 1,65,000. మెత్తని కుర్చీకి ఎక్కువ తీసుకోవడంలో తప్పు లేదు. వక్తతో విడిగా అరగంట, ‘వీఐపీలకు మాత్రమే’ ధ్యాన రహస్యం, ఇలాంటివి మొదలైతే మాత్రం రెండు రకాల వైద్యం మొదలైనట్టే.

అంతస్తుల టికెట్ పన్ను శాఖ దృష్టిలో ఏమవుతుందో పతంజలి యోగపీఠ్ ట్రస్టు కేసులో తేలింది. 2006 నుంచి 2011 దాకా పెట్టిన యోగా శిబిరాల్లో తీసుకున్నది విరాళమే, నేర్పినది రోగాలకు చికిత్సే అని ట్రస్టు వాదించింది. శిబిరంలో అందరికీ కలిపి ఒకేసారి చేయిస్తున్నారు, ఒక్కొక్కరినీ పరీక్షించి చీటీ రాయడం లేదు, రకరకాల ధరలకు ప్రవేశ టికెట్లు ఇచ్చి ధరను బట్టి సౌకర్యాలు ఇస్తున్నారు, కాబట్టి ఇది ఆరోగ్య, ఫిట్‌నెస్ సేవకు తీసుకున్న రుసుమే అని అలహాబాద్‌లోని ట్రిబ్యునల్ 2023 అక్టోబరులో తేల్చింది. సుమారు నాలుగున్నర కోట్ల సర్వీస్ టాక్స్ వ్యవహారం. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. రసీదు మీద విరాళం అని రాసినంత మాత్రాన ప్రవేశ రుసుము విరాళం కాదు. అది సర్వీస్ టాక్స్ రోజుల కేసు కదా అనుకుని తేలిగ్గా తీసుకోకూడదు. నమోదైన ధార్మిక ట్రస్టుల యోగా కార్యక్రమాలకు జీఎస్టీలో మినహాయింపు ఉంది గానీ, ఏరోబిక్స్, నృత్యం, ఫిట్‌నెస్ క్యాంపుల లాంటివి పన్ను పరిధిలోకే వస్తాయని 2018 సెప్టెంబరు సర్క్యులర్ చెప్పింది. అంటే ఒకే పొద్దున సూర్య నమస్కారాలది ఒక దారి, జుంబాది ఇంకో దారి. సంస్థ ఏడాది రాబడి ఇరవై లక్షల లోపుంటే జీఎస్టీ నమోదు అవసరం ఉండదు కాబట్టి చిన్న క్లబ్బులు ఊపిరి పీల్చుకోవచ్చు. పెద్దవాళ్ళు ధర వేసేముందే ఆడిటర్‌ను అడగడం మంచిది.

దీనికి తోడు టికెట్ కౌంటర్ దగ్గర ఎప్పుడూ వినపడే ప్రశ్న, ‘80జీ వస్తుందాండీ?’ టికెట్‌కు రాదు. ఆదాయపు పన్నులో ఆ మినహాయింపు బదులేమీ పుచ్చుకోకుండా ఇచ్చిన విరాళానికే. రెండు వేలు దాటి నగదుగా ఇస్తే దానికీ లేదు. కొత్త పన్ను విధానంలోకి మారినవారికి ఎలాగూ దక్కదు. ఈ విషయంలో అమెరికాలో తెలుగు సంఘాల నిర్వాహకులు మనకన్నా తెలివిడితో ఉంటారు, కారణం అక్కడి చట్టం. ఏదైనా లబ్ధికి ముడిపెట్టి డెబ్బై అయిదు డాలర్లకు మించి వసూలు చేస్తే, అందులో విందు, కార్యక్రమం విలువ ఎంతో అంచనా కట్టి దాతకు రాతపూర్వకంగా చెప్పాలి. ఆ విలువ పోగా మిగిలినదానికే పన్ను రాయితీ. నూరు డాలర్ల టికెట్‌లో భోజనం విలువ నలభై అయితే విరాళం అరవై అని రసీదే చెబుతుంది. మన చట్టం అలా రాయమని అడగకపోయినా, రాయవద్దని కూడా అనలేదు. ‘టికెట్ 550: హాలు తదితర ఖర్చులకు 400, టిఫినుకు 150. రోగుల సాయానికి విరాళం వేరే’ అని కరపత్రం మీదే వేస్తే పోయేదేమిటి? సగటు తెలుగు నిర్వాహకుడికి భయం, ఖర్చు అంతా బయటపెడితే జనం రారని. నిజానికి ముంబయి మారథాన్ లాంటి పెద్ద పరుగుల్లో ఎప్పటినుంచో పరుగు రుసుము వేరు, స్వచ్ఛంద సంస్థల కోసం సేకరించే నిధి వేరు. పరిగెత్తేవాడికి తన రుసుము నీళ్ళకూ టైమింగ్ చిప్పుకూ పోతుందని తెలుసు, అతనేమీ నొచ్చుకోలేదు.

ఇక విరాళం అడిగే తీరు. ప్రసంగం ముగిసి చప్పట్లు కొడుతున్నప్పుడే జనం చెయ్యి జేబు దగ్గరికి వెళ్తుంది, అప్పుడే అడగాలి, అందులో మొహమాటం అక్కర్లేదు. మైకులో అడగడం మాత్రం వేరే వ్యవహారం. పెళ్ళిళ్ళలో చదివింపులు ఎరిగిన జాతి మనది. ఫలానావారు పది వేల నూట పదహార్లు అని వినపడగానే పక్క కుర్చీలో ఆయన పన్నెండు వేలు అంటాడు. వసూళ్ళు పెరుగుతాయి, సందేహం లేదు. కానీ గంటసేపు మనసును తేలికపరచడానికి వచ్చిన మనిషికి చివరి పది నిమిషాలు ఒత్తిడి పెట్టి పంపించడం ఏ రకం ఆరోగ్య కార్యక్రమమో నాకు అర్థం కాదు. కుర్చీ మీద ఒక కవరు, దాని మీద క్యూఆర్ కోడ్, 80జీ రసీదు కావాలనుకునేవారికి వివరాలు రాయడానికి రెండు గీతలు, ఇవి చాలు. సాయం అందుకునే పిల్లలను వేదిక ఎక్కించి వరసలో నిలబెట్టే అలవాటు కూడా మానాలి. వాళ్ళ ముఖం చూపించి తెచ్చిన డబ్బులో వాళ్ళు కట్టిన ధర కూడా ఉంటుంది.

పాసుల గురించి ఒక్క మాట. ముందు వరస సోఫాల్లో కూర్చునేవాళ్ళలో టికెట్ కొన్నవాళ్ళెవరో లెక్క తీస్తే చాలా కార్యక్రమాల్లో ధరల బాధ సగం తీరుతుంది. తొమ్మిది వందల యాభై ఇవ్వగలిగినవాడు ఉచితంగా కూర్చుంటే నూట యాభై టికెట్‌కు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? అధ్యక్షుడి బావమరిది కూడా కౌంటర్లో కొనుక్కునే వీలుంది.

వక్త పారితోషికం చివరికి మిగిలే చిక్కు. కొందరు పుచ్చుకుంటారు, కొందరు సేవగా వస్తారు. పుచ్చుకోవడం తప్పు కాదు. రోజంతా గొంతు పెట్టి మాట్లాడేది అదే వృత్తిగా ఉన్న మనిషి, ఆయనకూ ఇల్లు గడవాలి. ఆ మొత్తం ఖర్చుల పట్టీలో కనపడితే చాలు. ‘రూపాయి తీసుకోవడం లేదు’ అని ప్రకటించి, హాలు వెనక బల్ల వేసి పుస్తకాలూ, మూడు నెలల కోర్సు ఫారాలూ అమ్ముకోవడం చూసినప్పుడే అనుమానం వస్తుంది. అమ్ముకోనివ్వండి, కాకపోతే ఆ బల్ల మీద అమ్మిన ప్రతి వందలో డయాలసిస్ రోగులకు ఎంత వస్తుందో ముందే మాట్లాడుకుని, అదే బల్ల మీద అట్టముక్క మీద రాసి పెట్టించాలి. ఈ షరతుకు ఒప్పుకోని వక్తకు పారితోషికం ఇచ్చి పిలవడమే చవక.